రెండు చేతుల గొళ్ళెం

ముసలి ఎలుక మాయమైన రోజు పరిశోధనాలయంలో అందరూ మూలమూలలా వెతికారు. మితంగా తింటూ, చక్రంలో పరిగెడుతూ, తన ఈడువన్నీ పోయాక కూడా చలాకీగా మిగిలిన ఎలుక అది. దాని కండ ఎందుకు సడలలేదో మర్నాడు కోసి చూడాలి. డాక్టరమ్మ వయసంతా ఆ ఒక్క పరీక్ష కోసమే కరిగిపోయింది.

"అది దొరక్కపోతే నా పనంతా గంగలో కలిసినట్టేనండీ," అందామె డిటెక్టివ్‌తో. "చక్రం కూడా పట్టుకుపోయారు."

డిటెక్టివ్ బోను గొళ్ళెం చూశాడు. రెండువైపులా ఒకేసారి నొక్కితే గాని అది ఊడదు. అతని సహాయకుడు ఒంటిచేత్తో నానా తంటాలు పడ్డాడు. లాభం లేకపోయింది.

"పొద్దున ఇక్కడెవరున్నారు?"

"నేనూ, ఫిజియోథెరపిస్టూ పక్కగదిలో మాట్లాడుకుంటున్నాం. ఇక్కడ, ఆయన దగ్గర వ్యాయామ చికిత్సకొచ్చే టైలరు పిన్ని ఒక్కతే ఉంది. పాపం, పక్షవాతంతో ఆవిడ ఎడమచెయ్యి పడిపోయింది."

టైలరు పిన్ని గోడవార కూర్చుని ఉంది. ఎడమచెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది. కాళ్ళ దగ్గర గుడ్డసంచి, దాని మూతికి బిగువైన ముడి.

"దొంగని చూశారా, పిన్నిగారూ?"

"కునుకు పట్టింది నాయనా. ఇంతమంది చేరి నా చెయ్యే లేపలేకపోయారు, నువ్వొక్కడివీ ఎలుకని పడతావా?"

సహాయకుడికి నవ్వొచ్చింది. డిటెక్టివ్ మాత్రం ఫిజియోథెరపిస్టు వైపు తిరిగాడు. "ఆ సంచికి ముడి వేసింది మీరా?"

"కాదండీ. పొద్దున నేను తెచ్చిపెట్టినప్పుడు మూతి తెరిచే ఉంది. లోపల ఖాళీ బుట్ట ఉంది, అంతే."

డిటెక్టివ్ అందరినీ దగ్గరికి పిలిచాడు.

"సార్, అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు కదా?" అన్నాడు సహాయకుడు.

"మిగిలారు. చంపేవాడికి చక్రంతో పనేముంది? అది ఇంకా పరిగెత్తాలని కోరుకున్నవాళ్ళే తీసుకెళ్ళారు. పక్కగదిలో ఉన్న ఈ ఇద్దరూ ఒకరికొకరు సాక్షులు. పిన్నిగారిది ఒంటిచెయ్యని మనం వదిలేశాం. మరి ఆ ముడి చూడు. ఒంటిచేత్తో అంత బిగువుగా పడుతుందా?"

టైలరు పిన్ని కళ్ళు చెమర్చాయి. "రేపు కోస్తామనడం విన్నానయ్యా. దాన్ని చూసే కదా నేను మళ్ళీ అడుగులేసింది! ఆ ముసలిదే పరిగెడుతుంటే నాకేం రోగమని లేచాను."

"గొళ్ళెం ఎలా తీశారు?"

"తీశాను... అంతే." ఆమె తన ఎడమచేతిని పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

"ఏదీ, ఒక్కసారి ఎత్తండి," అన్నాడు ఫిజియోథెరపిస్టు.

ఆమె పళ్ళు బిగబట్టింది. చిటికెన వేలైనా కదలలేదు.

డాక్టరమ్మ సంచి కోసం వంగింది. టైలరు పిన్ని చటుక్కున రెండు చేతులతోనూ దాన్ని లాక్కుని గుండెకు హత్తుకుంది.

సహాయకుడు గురువు వైపు చూశాడు. ఆ మనిషి తన రెండు చేతులతో బోను గొళ్ళేన్ని మళ్ళీ నొక్కి చూశాడు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటే తాకింది. సంచి మాత్రం అడగలేదు.

ఎలుకను ఇంతవరకూ కోయలేదు. ఆ చెయ్యి ఎందుకు లేచిందో కూడా ఇంకా తేలలేదు.