దానిమ్మకు కట్టిన దారం

"లేవే, కెమెరా పట్టుకురా! మన దానిమ్మ కాసింది!"

ఫొటో స్టూడియోలో పనిచేసే కూతురు కళ్ళు నులుముకుంటూ పెరట్లోకి వచ్చింది. ఎర్రటి పూల మధ్య పిడికిలంత పండు. దగ్గరికి వెళ్ళబోతే తల్లి చెయ్యి పట్టుకు ఆపింది. "అక్కణ్ణుంచే తియ్యి, చాలు!"

మూడేళ్ళుగా ఆ పొద విరగబూయడమే గానీ ఒక్క కాయా నిలపలేదు. ఈసారీ కాయకపోతే పీకేసి స్కూటరుకి షెడ్డు వేస్తానని ఎలక్ట్రీషియన్ అయిన తండ్రి భీష్మించుకు కూర్చున్నాడు. దానికి తోడు తోటికోడలి దెప్పిపొడుపులు. అందుకే ఫొటోని కుటుంబం గ్రూపులో పెట్టాక ఇల్లాలికి ఇంట్లో కాలు నిలవలేదు.

కాసేపటికే తోటికోడలి జవాబు వచ్చింది. "అక్కా, పండు మీది కొట్టు స్టిక్కరు కూడా మీ చెట్టే కాసిందా?"

తండ్రి ఫోను లాక్కుని చూశాడు. "కొన్న పండుని దారంతో కట్టావా? అందరిలో నవ్వులపాలు చేశావు కదే! రేపే పీకించేస్తా."

"పీకండి చూద్దాం! పుల్ల తెచ్చి పాతింది నేను, ఎండల్లో బియ్యం కడుగు పోసి బతికించింది నేను." ఆవిడ ఫోను వెనక్కి లాక్కుంది. "ఒక్కసారైనా నా చెట్టు కాసిందని గొప్పగా చెప్పుకోవాలనిపించింది."

"దానికి నా చేత దొంగ ఫొటో తీయిస్తావా అమ్మా?" కూతురు విసురుగా కెమెరా తెరిచింది, చెరిపేద్దామని. పెళ్ళి ఫొటోలు చూసే అలవాటు కొద్దీ పెద్దది చేసి, మూలమూలలా చూసింది. చూసి ఆగిపోయింది.

"అమ్మా, నువ్వు పండు కట్టిన కొమ్మ వెనకాల ఏంటది?"

ముగ్గురూ పెరట్లోకి పరుగెత్తారు. తండ్రి కొమ్మ పైకెత్తాడు. ఆకుల చాటున ఉసిరికాయంత పచ్చటి కాయ, నెత్తిన బుల్లి కిరీటంతో. ఇల్లాలు దాన్ని వేలి కొసతో తాకి ఏడ్చేసింది.

ఆయన జేబులోంచి కటింగు ప్లేయరు తీసి, ఆ కట్టిన దారాన్ని జాగ్రత్తగా తెంపాడు. "షెడ్డు వీధి వైపు వేసుకుందాంలే," అని కూతురి వైపు తిరిగాడు. "మీ అమ్మని పక్కన నిలబెట్టి తియ్యి. పెంచింది తనే కదా."

కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇల్లాలు తలెత్తి నిలబడింది.

"బాగా దగ్గరికొచ్చి తియ్యవే. స్టిక్కరు ఎక్కడుందో మీ పిన్నిని వెతుక్కోమను!"