పదిహేడో గట్టు వావిలి

పదహారో గట్టు దోమబోనులో ముప్పైనాలుగు దోమలు. కనకమాలతి అంకె నమోదు చేసి, బోను దులిపి, పడవను ముందుకు తోసింది. పదిహేడో గట్టు బోనులో మూడే.

వరుసగా తొమ్మిదో ఉదయం ఇదే తంతు. పైగా ఈ గట్టు మీద దోమల్ని తరిమే వాసనకంచె తొమ్మిది రోజుల కిందటి గాలివానకే ఆగిపోయింది. కంచె పనిచేసే చోట దోమలు ముసురుతున్నాయి, ఆగిపోయిన చోట కనబడడం లేదు.

"బోను చెడింది. మార్చు," అంది మణికట్టు మీది పహరా యంత్రం.

మాలతి అప్పటికే రెండుసార్లు మార్చింది. ఈసారి పడవ కట్టేసి గట్టెక్కింది.

కాలువ పొడవునా మనిషెత్తు పొద. వేళ్లు చాచిన అరచేతుల్లాంటి ఆకులు, నీలిపూత. ఒక ఆకు నలిపి చూస్తే ఘాటు ముక్కుకెక్కింది. పొద పక్కన ఓ ముసలామె ఎండుటాకులు గంపకెత్తుతోంది.

"ఏం మొక్క మామ్మా ఇది?"

"వావిలి. ఎరగవా? మా అత్త నాటింది, మేకలు ముట్టవని. పొద్దుగూకగానే ఇంత ఆకు నిప్పులమీదేత్తే దోమ ఇటు రాదు."

"అస్సలు రాదా?"

"అబద్ధమెందుకూ, ఒకటీ అరా వత్తాయి." ముసలామె నవ్వింది. "మీ కంచె వాసన వాటికి అలవాటైపోయినట్టుందే అమ్మాయ్."

పహరా మళ్లీ మోగింది. పొద ఘాటు బోను లెక్కను తప్పిస్తోందట. పొదను పెరికించడానికి ఆమె వేలిముద్ర కావాలట. మాలతి వేలు ఆనించలేదు. పోయిన వారం ఆమె వీధిలో ఇద్దరిని జ్వరంతో ఆసుపత్రికి మోసుకెళ్లారు. ఆ రోజు పహరా నివేదికలోనూ వీధి కంచె నిక్షేపంగానే ఉంది.

"నాకో గంపెడాకు ఇస్తావా మామ్మా?"

"కోసుకో. ఇంటికేనా?"

"ఇంటికే. చూద్దామని."

ఆ సాయంత్రం పిల్లల మంచానికి దోమతెర కట్టి, గుమ్మంలో కుంపటి రాజేసి, ఆకు వేసింది. పొగ లేవగానే వెళ్లి ఇంటి ఎదుటి కంచె స్తంభం మీట దించేసింది. ఈ లంక ఊళ్లో ఇంతవరకూ కంచెను ఎవరూ చేత్తో ఆపలేదు.

"ఆపిన కారణం?" పహరా మూడు మాటలు చూపించింది: మరమ్మతు, వరద, పొరపాటు. మాలతి దేన్నీ ముట్టకుండా కింది ఖాళీ గడిలో రాసింది: "ఇది లేకుండా ఎన్ని వస్తాయో తెలుసుకోవాలని."

పక్కింటి వరాలు గోడ మీంచి తొంగిచూసింది. "ఏం వదినా, ఎందుకాపేశావ్?"

మాలతి చెప్పింది. వరాలు తన వాకిట్లోని కంచె స్తంభం వైపు తిరిగింది.

"మా స్తంభానికి మీట ఎటేపుంటది?"