పళ్ళెం మొన చప్పుడు

సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ నేల, పళ్ళెం మొన పేరెత్తితే మా తీరంలో ముసలివాళ్ళు మాట మార్చేస్తారు. ఎండ ఉన్నప్పుడు అందరూ అక్కడికి వెళ్ళేవాళ్ళే. గుల్లలు తవ్వుకుంటారు, కుక్కల్ని తిప్పుతారు. పొగమంచు దిగిందా... ఇక ఆ ఛాయలకి పోరు.

అక్కడ ఇప్పుడు ఇల్లు లేదు. ఇంటి అడుగున ఉండే రాతిగుంత ఒకటి మిగిలింది, దాని పక్కన ఒక లైలాక్ పొద. ఆ ఇంట్లో హెప్సిబా అనే ఆవిడ ఉండేదట. మా తాతల నాటి మాట. ఒకరోజు సముద్రం వెనక్కి తీసినప్పుడు మొగుడూ కొడుకూ గుల్లల కోసం బురదలోకి వెళ్ళారు. మంచు కమ్మింది.

మా ఫండీ అఖాతంలో ఆటు తీస్తే కనుచూపు మేరా బురదే. పోటు వస్తే అదే చోట మూడంతస్తుల మేడ మునుగుతుంది. మంచులో చిక్కినవాడికి దారి చెప్పేది ఒక్కటే, గట్టు మీద మోగే రేకు పళ్ళెం. మూడు దెబ్బలు... ఆగడం... మళ్ళీ మూడు దెబ్బలు. ఆ చప్పుడు వైపు నడిచి వచ్చేస్తారు.

హెప్సిబా కొట్టింది. కానీ కాలు నిలవలేదు. కంగారులో గట్టు పొడుగునా అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది, కొడుతూనే. చప్పుడు ఎటు పోతే అటు తిరిగారు ఆ తండ్రీ కొడుకులు. తిరిగి తిరిగి... నీళ్ళకి దొరికిపోయారు.

అప్పట్నుంచి మంచు పడితే మొన మీద పళ్ళెం చప్పుడు వినిపిస్తుందని, అది అటూ ఇటూ తిరుగుతుందని చెబుతారు. తిరిగే చప్పుడు వెంట పోకూడదు. కొట్టే మనిషి పాదం కదపకూడదు. గట్టెక్కినవాడు 'చేరాను' అని కేకెయ్యాలి, ఆ కేక వినేదాకా కొట్టడం ఆపకూడదు. ఇవి మా దగ్గర ఎవరూ ఎవరికీ నేర్పరు. ఊపిరి తీసుకోవడం ఎవరు నేర్పుతారు?

ఎల్డన్ ఫుల్టన్ చేసిన తప్పు అదే. భార్యకి కథ చెప్పాడు, కట్టుబాటు చెప్పలేదు.

ఎల్డన్ ఈ తీరంలోనే పుట్టాడు. మ్యూరియల్‌ది ఆపిల్ తోటల లోయ, ఆమెకి సముద్రమంటే దూరం నుంచి చూసేది. ఇద్దరూ రిటైరయ్యాక, లోపలే వండుకుని పడుకునే ఒక పాత ట్రైలర్ కొన్నారు. ఆకులు ఎర్రబడే రోజుల్లో దాన్ని ట్రక్కుకి తగిలించుకుని తీరం వెంట తిరుగుతారు. జరిగినదంతా నాకు చెప్పింది వాళ్ళే. పత్రికలో పనిచేసిన అలవాటు కొద్దీ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. తేడా రాలేదు.

థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళగానే ట్రైలర్ పార్కులన్నీ గేట్లకి గొలుసులు వేసేస్తాయి. ఎల్డన్ బండిని జాలర్లు ఒకప్పుడు చేపలు తోలిన పాత రోడ్డు చివరికి తోలి, మొన దగ్గర ఆపాడు. ట్రైలర్‌కీ ఆ రాతిగుంతకీ మధ్య ఒక వాగు. పైన రోడ్డు మీద దానికి చెక్క వంతెన.

"మనుషుల జాడ లేదు. ఇక్కడెందుకయ్యా?" అంది మ్యూరియల్, చక్రాల కింద చెక్కలు పెడుతూ.

"దెయ్యం తోడుంటుంది లే," అని హెప్సిబా కథ చెప్పాడు. ఆవిడ పళ్ళెం కొట్టిన చప్పుడు ఇప్పటికీ మొన మీద వినిపిస్తుందన్నాడు, అటూ ఇటూ పరిగెత్తిన సంగతి మాత్రం చెప్పలేదు. అంతటితో ఆపి బూట్లు తొడుక్కున్నాడు.

"ఆ మోకాలేసుకుని బురదలోకా? డాక్టరు ఏమన్నాడు?"

"గుల్లల సూప్ తినమన్నాడు."

"తింటావు తింటావు. ముసలాడా, చీకటి పడేలోపు రాకపోతే తలుపు తియ్యను."

నవ్వుకుంటూ బకెట్టూ పారా పట్టుకుని దిగాడు. ట్రక్కు తాళాలు అతని జేబులోనే ఉండిపోయాయి.

మంచు ఎప్పుడొచ్చిందో మ్యూరియల్ చూడలేదు. ఉల్లిపాయలు తరిగి తలెత్తేసరికి కిటికీ తెల్లగా ఉంది. బయటికి వచ్చింది. గట్టు లేదు, బురద లేదు, ఎల్డన్ లేడు.

పిలిచింది. మంచు ఆ పిలుపుని దూదిలా పీల్చేసింది. హారన్ కొడదామంటే ట్రక్కుకి తాళం. ఫోనుకి అక్కడ సిగ్నల్ లేదు. లాంతరు వెలిగిస్తే వెలుగు ఆమె మోచేతి దాకా పోయి ఆగిపోయింది.

ఎక్కడో కింద... నీళ్ళు కదులుతున్న చప్పుడు.

అప్పుడు పళ్ళెం గుర్తొచ్చింది. రేకు పళ్ళెం లేదు కాబట్టి సూప్ వండే అల్యూమినియం గిన్నె అందుకుంది, గరిటెతో కొట్టడం మొదలుపెట్టింది. కొడుతూ గట్టు మీద నడిచింది. ఇక్కడ వినపడలేదేమో, అక్కడైతే వినపడుతుందేమో... వాగు దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఇక పరిగెత్తింది.

ఎల్డన్ అప్పుడు ఇసుకమేట మీద ఉన్నాడు. మేటకీ గట్టుకీ మధ్య ఉన్న పల్లంలోకి నీళ్ళు ఎక్కేశాయి. పోటు ముందు నుంచి రాదు, మనిషి వెనక నుంచి వస్తుంది. అది తెలిసినవాడే. కానీ గట్టు ఎటున్నట్టు?

చప్పుడు వినపడింది. ప్రాణం లేచొచ్చింది. అటు రెండడుగులు వేశాడు...

చప్పుడు కదిలింది.

ఎడమకి పోయింది. ఆగింది. కుడికి వచ్చింది. మళ్ళీ ఎడమకి... ఇంకా వేగంగా.

"వెన్నులో నీళ్ళు పోసినట్టయింది," అన్నాడు నాతో. "చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పినట్టే. అటూ ఇటూ."

మా తీరంలో పుట్టినవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. ఆ చప్పుడుకి వీపు తిప్పి, దూరంగా నడిచాడు. సముద్రంలోకి.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. బకెట్టు వదిలేశాడు. తొడల దాకా... నడుము దాకా. చలికి మోకాలు బిగుసుకుపోయింది. పార గుచ్చి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు ఇంకో చప్పుడు.

పల్చటి రేకు చప్పుడు. మూడు దెబ్బలు... ఆగడం... మూడు దెబ్బలు. ఎక్కడుందో అక్కడే ఉంది. మేకు దిగ్గొట్టి నిలిపినట్టు.

దానివైపు తిరిగాడు. నీళ్ళు ఛాతీకి తగిలాయి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా దిగాయి. చేతికి గడ్డి తగిలింది. పాకుతూ గట్టెక్కి లైలాక్ పొద కొమ్మలు పట్టుకున్నాడు. అక్కడెవరూ లేరు. తన ఊపిరి తప్ప ఏదీ వినిపించే స్థితిలో లేడు. మంచు కాస్త పల్చబడి, వంతెన అవతల ట్రైలర్ వెలుగు మసగ్గా కనిపిస్తోంది. చప్పుడు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది, మంచు చెవిని మోసం చేస్తుంది అనుకున్నాడు. కాలీడ్చుకుంటూ వంతెన దాటాడు.

మ్యూరియల్ ఇంకా గట్టు మీదే ఉంది. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. కొడుతూనే ఉంది. వెనకనుంచి ఒక తడి చెయ్యి భుజం మీద పడింది...

కెవ్వుమంది. తర్వాత గరిటెతో అతని చేతి మీద ఒక్కటిచ్చుకుంది. తర్వాత పట్టుకుని ఏడ్చింది.

ట్రైలర్‌లోకి లాక్కొచ్చి, తడి బట్టలు విప్పించి, రెండు రగ్గులు చుట్టింది. సొట్టలు పడ్డ గిన్నెలోనే నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టింది. అతని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"హెప్సిబా వచ్చింది," అన్నాడు. "మొదట అదే. అటూ ఇటూ పరిగెత్తింది. చచ్చాననుకున్నా."

మ్యూరియల్ టీ ఆకు వేస్తోంది.

"ఆ తర్వాత నీది వినపడింది. ఒక్క అంగుళం కదల్లేదు కదే! కదలకూడదని నీకెవరు చెప్పారు?"

ఆమె చెయ్యి ఆగింది.

"కదలకూడదా?"

"మరి? కదిలితే ఎటు రావాలి మనిషి?"

"నేను..." అంది మెల్లగా. "నేను ఇక్కణ్ణుంచి వాగు దాకా పరిగెడుతూనే ఉన్నాను, ఎల్డన్. నువ్వొచ్చేదాకా."

అతను గిన్నె వైపు చూశాడు. దళసరి అల్యూమినియం. దాని మోత బరువుగా ఉంటుంది, పల్చటి రేకులా ఉండదు.

"గుంత దగ్గర గట్టెక్కాను," అన్నాడు. "లైలాక్ పొద దగ్గర."

"నేను వాగు దాటలేదు."

నీళ్ళు మరగబోతున్నాయి. మ్యూరియల్ చెయ్యి చాచి స్టవ్ ఆర్పింది, ఎందుకో ఆమెకే తెలియదు.

నిశ్శబ్దంలో... వాగు అవతల...

మూడు దెబ్బలు. ఆగడం. మూడు దెబ్బలు.

ఒకే చోట.

మ్యూరియల్ తలుపు గడియ పెట్టబోయింది. ఎల్డన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేను కేకెయ్యలేదే," అన్నాడు గుసగుసగా. "గట్టెక్కాను కానీ... చెప్పలేదు. చెప్పేదాకా ఆపకూడదు, పాపం."

రగ్గు చుట్టుకునే లేచాడు. తలుపు తీశాడు. మంచు లోపలికి వచ్చింది. ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచాడు —

"చేరాను! అమ్మా... చేరాను!"

చప్పుడు ఆగిపోయింది.

ఎల్డన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అతని మొహంలో అలాంటి నెమ్మది పెళ్ళయిన ఇన్నేళ్ళలో చూడలేదని మ్యూరియల్ చెప్పింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. నీళ్ళు ఒడ్డుని నాకుతున్న చప్పుడు. అంతే.

తలుపు వెయ్యబోయాడు.

మూడు దెబ్బలు... ఆగడం... మూడు దెబ్బలు.

"విన్నదిగా," అన్నాడు అయోమయంగా. "విని ఆపింది. మళ్ళీ ఎందుకూ?"

మ్యూరియల్ అతని వెనక నిలబడి రగ్గు అంచు పట్టుకుంది.

"ఒక్కడివే అరిచావు, ఎల్డన్," అంది. "ఆవిడకి రావాల్సింది ఇద్దరు."