ఎడమ కన్ను మూసిన పూట

జడ్చర్ల బస్టాండు పక్కన టీ కొట్టు ముందు కమలాకర్ నిలబడ్డాడంటే ఉపన్యాసం మొదలైనట్టే. పెళ్లిళ్లు, జాతరలు, అప్పుడప్పుడు చానళ్లకు పంట నష్టాలు తీసి తీసి కుడి భుజం కాస్త కిందికి వాలింది గానీ, నోటికి మాత్రం అలుపు రాలేదు. స్టాండు కాళ్లు గట్టి నేలలో కుదిరాకే కెమెరా ఎక్కించాలంటాడు. గాలి వీచే చోట మైకుకు బొచ్చు తొడుగు వేయకపోతే తీసింది పెళ్లి కాదు, తుఫాను అంటాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తీసిన కెమెరామ్యాన్‌కు అన్నం పెట్టొద్దంటాడు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన అసలు మంత్రం ఒక ఎత్తు.

"కుడి కన్ను కెమెరాల ఉండాలె, ఎడమ కన్ను లోకంల ఉండాలె. ఒక కన్ను మూస్తివా, ఎద్దు మీదికొచ్చినా తెల్వదు."

ఆ ఎద్దు ఊరికే వచ్చింది కాదు. ఒక జాతరలో నిజంగానే వచ్చి ఆయనకు ఈ పాఠం నేర్పింది. ఒక పక్కటెముక ఫీజు కింద పోయింది. ఆ రోజు నుంచి కమలాకర్ కెమెరా దగ్గర ఎడమ కన్ను మూసి ఎరగడు.

మొన్న వానాకాలం పోయాక ఒక సాయంత్రం ఆయనకు ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను సింధూజను."

నారాయణపేట రోడ్డు మీది ఊళ్లో ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. వరుసకు చెల్లెలు. మగ్గాల చప్పుడులో పెరిగిన పిల్ల. రెండేళ్ల కింద ఇంట్లో చెప్పకుండా శ్రవణ్‌ను పెళ్లి చేసుకుని షాద్‌నగర్ వెళ్లిపోయింది. శ్రవణ్‌కు అక్కడ ఫ్యాక్టరీలో పని. ఆ రోజు నుంచి తల్లి ఆండాళు, కమలాకర్‌కు చిన్నమ్మ, బిడ్డ పేరెత్తలేదు. ఎక్కడుందో, ఎట్లుందో ఒక్కరినీ అడగలేదు. మొన్న మగ్గం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది.

"నాకు ఎనిమిదో నెల అన్నా. కడుపుతోని ఉన్నదానివి కాటికి రావద్దన్నరు. అమ్మ మొఖం సుత చూడలే. రేపు పిట్టకు పెడుతున్నరట. నువ్వు లైవ్ పెట్టి నాకు చూపియ్యవా?"

"గవి ఎవరన్న వీడియో తీస్తరానె చెల్లె?"

"పిట్ట ముట్టుడు నా కండ్లతోని చూడాలె అన్నా. అమ్మ నా మీద కోపంతోనే పోయిందా, ఏమన్న తగ్గిందా... గదొక్కటి తెలిస్తే నిమ్మళంగ ఉంట."

ఏడుస్తోంది. కమలాకర్ పెళ్లికూతుళ్ల ఏడుపు వేలసార్లు చూసినవాడే, అయినా ఈ ఏడుపు ముందు కాదనలేకపోయాడు. సరేనన్నాడు.

పొద్దున ఊరి బయట వాగు ఒడ్డున కాడు చల్లబడి ఉంది. బూడిద మీద నీళ్లు చల్లిన వాసన ఇంకా పోలేదు. ఆండాళుకు ఇష్టమైనవన్నీ వండి తెచ్చారు. మాంసం, గారెలు, పెసరపప్పు, ఒక సీసాలో కల్లు. విస్తరిలో అన్నీ వడ్డించి నేల మీద పెట్టారు. ఇక పిట్ట, అంటే కాకి, వచ్చి ముట్టాలి. అది ముట్టే దాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. ముట్టకపోతే, పోయినవాళ్లకు ఏదో మిగిలిపోయిందని అర్థం.

కమలాకర్ దూరంగా స్టాండు పాతాడు. విస్తరి దగ్గర చిన్న మైకు ఒకటి పెట్టి వచ్చాడు. లైవ్ పంపే డబ్బా కెమెరాకు తగిలించి సింధూజకు లింకు పంపాడు. ఒక చెవిలో మైకు చప్పుడు, ఇంకో చెవిలో ఫోన్లో సింధూజ.

"కనపడుతాందా?"

"ఆఁ అన్నా. గారెలు సుత కనపడుతున్నయ్."

మనుషులుంటే కాకులు దిగవని అందరూ సీతాఫలం చెట్ల వెనక్కి పోయారు. కెమెరా దగ్గర కమలాకర్ ఒక్కడే మిగిలాడు. విస్తరికి అవతల బండరాయి మీద ఒక కాకి వాలింది. విస్తరిని చూసింది. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. దిగలేదు.

చెట్ల వెనక నుంచి వెంకటరాజం గొంతు వచ్చింది. ఆండాళు మొగుడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"ఆండాళూ, నీకేం కావాలెనో చెప్పు. మనుమరాలు పుడితే నీ పేరే పెడ్తం. వచ్చి ముట్టు."

కాకి కదల్లేదు.

"బిడ్డ మీద కోపం ఇడిసిపెట్టు వదినె, ఇగనన్న," అని ఆడబిడ్డ ప్రమీలమ్మ కేక వేసింది.

ఆ మాట వినగానే కాకి లేచి ఎగిరిపోయింది.

ఫోన్లో సింధూజ ముక్కు చీదిన శబ్దం. "చూసినవా అన్నా... కోపమే," అంది.

"ఫికర్ చెయ్యకు చెల్లె. ఇంకోటి వస్తది."

రాలేదు. పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. మాంసం చల్లారి కొవ్వు పేరింది. హెడ్‌ఫోన్లలో ఈగల రొద, ఎండుటాకుల గలగల. కాసేపటికి ఆకులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఈగలు కూడా. మైకు తీగ ఊడిందేమోనని కమలాకర్ చూసుకున్నాడు. ఊడలేదు. అక్కడ నిజంగానే ఏ చప్పుడూ లేదు.

ఉన్నట్టుండి కాటి దిక్కు నుంచి సుడిగాలి ఒకటి లేచింది. బూడిద వచ్చి ఎడమ కంట్లో పడింది. భగ్గున మండింది. కమలాకర్ ఆ కన్ను మూశాడు.

కుడి కంట్లో, కెమెరాలో, విస్తరి ముందు ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

వీపు ఇటు. ఎర్ర అంచు చీర. వంగి విస్తరిలోకి చూస్తోంది. కమలాకర్‌కు ముందు వచ్చింది భయం కాదు, చిరాకు. ఎవరో ముసలామె ఆకలికి తాళలేక వచ్చి కూర్చుందనుకున్నాడు.

"అన్నా, గామె ఎవరు?" అంది ఫోన్లో సింధూజ.

ముఖం కనపడితే కదా చెప్పేది. పెళ్లి పందిట్లో వీపు తిప్పి కూర్చున్న ప్రతి మేనత్తకూ చెప్పే మాట అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా... జర ఇటు చూడు."

అని, కన్ను నలుపుకుని ఎడమ కన్ను తెరిచాడు.

విస్తరి ఉంది. ఎండ ఉంది. మనిషి లేదు.

కుడి కంట్లో... ఉంది.

తల తిప్పుతోంది. మెల్లగా. మెడ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగలేదు... ఇంకా తిరిగింది. పసుపు పూసిన ముఖం. నొసటి మీద రూపాయి బిళ్ల. మొన్న పాడె మీద పెట్టిన బిళ్ల. పెదవుల సందున పచ్చి బియ్యపు గింజలు.

చిన్నమ్మ.

ఆమె కమలాకర్‌ను చూడలేదు. ఆయన ఉన్నాడన్న ధ్యాసే లేదు. కెమెరా కంట్లోకి చూసింది. కిటికీలోంచి ఎవరింట్లోకో తొంగి చూసినట్టు, అద్దం లోపలికి, లోపలికి చూసింది. వెతికింది.

దొరికినట్టుంది. నవ్వింది.

"అమ్మా..." అంది ఫోన్లో సింధూజ. అరుపు కాదు. పలకరింపు.

కమలాకర్ ముఖం వెనక్కి లాక్కున్నాడు. ఎదురుగా ఖాళీ నేల. కానీ హెడ్‌ఫోన్ చెవికి ఉంది. అందులో మట్టెల చప్పుడు. మొరం మీద... ఒకటి... ఇంకొకటి. తర్వాత మైకులో కాదు. బయట. ఎదురుగా.

కెమెరా మూత చేతిలోనే ఉంది, చెయ్యి లేవలేదు. పసుపు వాసన గుప్పుమంది. ముఖం మీద చల్లటి గాలి తగిలింది... పోయింది.

లైవ్ ఆగిపోయింది. ఫోన్ కట్టయింది.

ఆ వెంటనే కాకులు దిగాయి. ఒకటి కాదు, గుంపు. చెట్ల వెనక నుంచి జనం సంతోషంగా కేకలు వేస్తూ వచ్చారు. వెంకటరాజం కళ్లు తుడుచుకుంటూ కమలాకర్ చేతులు పట్టుకున్నాడు.

"ముట్టింది కొడుకా! నా ఆండాళు కోపం తీరింది. చెల్లెకు చెప్పు."

కమలాకర్ తలూపాడు. సింధూజకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. శ్రవణ్ ఫోన్ బందు. షిఫ్టులో ఉన్నప్పుడు ఫోన్లు గేటు దగ్గరే పెట్టిస్తారు.

పక్కకు వెళ్లి రికార్డయింది వేసి చూశాడు. ఆమె లేదు. ఖాళీ విస్తరి, తన గొంతు మాత్రమే. హమ్మయ్య, ఎండ దెబ్బే అనుకోబోయాడు. అంతలో బొమ్మలో విస్తరి మసకబారడం మొదలైంది. తర్వాత దాని ముందున్న రాయి తేటపడి, అదీ మసకబారింది. తర్వాత ఇంకా ఇవతలి గడ్డి. ఆటో ఫోకస్ పని అదే. ఎదురుగా వచ్చేది ఎంత దగ్గరికి వస్తే చూపు అంత దగ్గరికి తెచ్చుకుంటుంది. చివరికి గడ్డి కూడా మసకేసిపోయి, అద్దం మీది దుమ్ము కణాలు తేటగా కనపడ్డాయి. అక్కడ ఆగింది.

కమలాకర్ స్టాండు కూడా విప్పలేదు. బండెక్కాడు. దారి పొడవునా నరసింహస్వామికి దండం పెట్టుకుంటూనే ఉన్నాడు. ఆ పిల్లకు ఏమన్నా అయితే తాను చూపించబట్టే అయిందన్న మాట ఆయన కడుపులో కెలుకుతూనే ఉంది.

షాద్‌నగర్‌లో ఆమె కిరాయి ఇల్లు దొరికేసరికి పొద్దు గూకుతోంది. తలుపు దగ్గరికి వేసి ఉంది. తోశాడు.

సింధూజ గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. బాగానే ఉంది. కమలాకర్‌కు ఒక్కసారి ఊపిరి వచ్చింది. ఆ తర్వాత చూశాడు. కొత్త చీర. కాళ్లకు పసుపు. కొంగు విప్పి పట్టిన ఒడి నిండా పసుపు కలిపిన బియ్యం, మధ్యలో ఎండుకొబ్బరి కుడుక, వక్క, ఖర్జూరాలు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు పోసే ఒడిబియ్యం.

"చెల్లె... ఎవరు పోసిండ్రు?"

ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. ముఖం కళకళలాడుతోంది.

"మెల్లగ అన్నా. అమ్మకు నా మీద కోపం లేదు. నా జాగా తెల్వకనే రాలేదట. నువ్వు చూపియ్యవట్టి వచ్చింది."

"సింధూ, లే. మనం దవాఖానకు పోదాం. ఇప్పుడే. లే తల్లీ."

"ఒడి నిండినంక గట్ల లేస్తరా?" అని నవ్వింది. "తొలి కాన్పు గద. నన్ను తోలుకపోతనన్నది. తెల్లారకముందే పోవాలెనట."

కమలాకర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మంచుగడ్డలా ఉంది. ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. దీపం వెయ్యని లోపలి అర్రలో మాత్రం, గంజి పెట్టిన చీరలు మడత పెట్టి సంచిలో సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.