నల్ల టేపు వెనక ఊపిరి

గూఢచారి శాఖలో పెద్దాయన్ని చంపినవాళ్లు ఆఫీసు వెనక తలుపు తాళంచెవి పట్టుకెళ్లారు. ఆయన లాప్‌టాప్‌ని మాత్రం ముట్టుకోలేదు. పాత సామానువాడు కూడా వద్దనే సరుకు మరి.

డేగ అనే కోడ్‌నేమ్‌తో పనిచేసే ఏజెంట్ ఇప్పుడు ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు. దిండులో ఆయన కూర్చున్న గుంట ఇంకా పూడలేదు. చీఫ్ బ్రీఫింగ్ మూడు ముక్కల్లో ముగిసింది. పెద్దాయన కూతురు మారుపేరుతో శత్రు ముఠాలో ఉంది. ఆమె గుట్టు రట్టయింది, చీకటి పడితే ప్రాణాలు దక్కవు. వెనక్కి రమ్మనే సిగ్నల్ ఈ ఒక్క మెషీన్ నుంచి వస్తేనే ఆమె నమ్ముతుంది.

ఆ మెషీనేమో ఆన్ చేసిన కాసేపటికే పెనంలా కాలి, కోడ్ లోడవకముందే ఆరిపోతోంది. డేగ అక్కర్లేని ప్రోగ్రాములన్నీ మూసేశాడు. టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. మళ్లీ ఆరిపోయింది. లోపలి ఫ్యాన్ మూలిగినప్పుడల్లా పెద్దాయన ఆయాసపడుతున్నట్టే ఉంది. తుపాకులకు బెదరని మనిషికి ఆ చప్పుడంటే భయం వేసింది.

అప్పుడే ఏజెంట్ నెమలి లోపలికొచ్చింది. శాఖలోకెల్లా అందగత్తె. శత్రువు ఉప్పు తింటూ మన పని చేసే డబుల్ ఏజెంట్ అని చీఫ్ నమ్మకం. చేతిలో కొత్త కూలింగ్ ప్యాడ్ ఉంది.

"ముసలిది కదా, వేడి తట్టుకోలేదు. దీనిమీద పెట్టు" అంది.

పెట్టబోతూ డేగ లాప్‌టాప్‌ని తిరగేశాడు. గాలి పోయే కన్నాల మీద నల్ల టేపు. గేటు దాటి వచ్చే ప్రతి వస్తువుకూ కన్నం కనిపిస్తే మూసెయ్యడం సెక్యూరిటీవాళ్ల ఆచారం. హత్య తర్వాత పరీక్షకు వెళ్లొచ్చిన ఈ మెషీన్‌కి కెమెరాతో పాటు ముక్కు కూడా మూసేశారు మహానుభావులు.

అతని చూపు ప్యాడ్ మీదికి మళ్లింది. నిండా కన్నాలే. ఒక్కదానికీ టేపు లేదు.

"గేటులోంచి వస్తే దీన్నీ మూసేసేవాళ్లే" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు ఏ తలుపులోంచి వచ్చావు?"

నెమలి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లేలోపే డేగ పిస్టల్ ఆమె నుదుటిని తాకింది. బ్యాగ్‌లో సైలెన్సర్ తుపాకీ, వెనక తలుపు తాళంచెవి దొరికాయి. గార్డులు ఆమెను తీసుకుపోయారు.

డేగ టేపు పీకి, దుమ్ము ఊది, మెషీన్ ఆన్ చేశాడు. వెచ్చటి గాలి గుప్పున మొహానికి కొట్టింది. అందులో పెద్దాయన చుట్ట వాసన. కిటికీలో వెలుగు పూర్తిగా ఆరిపోయే ముందు సిగ్నల్ వెళ్లింది.

జవాబు వెంటనే వచ్చింది.

"బయల్దేరాను నాన్నా. ఆయాసం తగ్గిందా?"

చనిపోయిన మనిషి తరఫున ఏం రాయాలో ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. డేగ కళ్లు తుడుచుకుని రెండు ముక్కలు టైప్ చేశాడు.

"తగ్గింది. రా తల్లీ."

మరీ అబద్ధమేం కాదు. బల్లమీద ముసలిది హాయిగా ఊపిరి తీసుకుంటోంది.