పక్క చెక్క మీద పేరు

అల్లుడు డెస్మండ్, మేవిస్ పేరును గీకి పారేశాడు. అందులో వాదించడానికేమీ లేదు.

ఆ రోజు ఈనక్ పుట్టినరోజు. పొద్దున్నే టీ పెట్టుకుని వంటింట్లో ఒక్కడే కూర్చున్నాడు. కూతురు రోవెనా, డెస్మండ్ వచ్చి బల్ల మీద ఒక మూట పెట్టారు. విప్పితే లోపల చెక్కను నునుపు చేసే చిత్రిక. ఆయన షెడ్డులోదే. చనిపోయిన భార్య మేవిస్‌ది. ఉక్కు తళతళలాడుతోంది, కర్ర కొత్తదానిలా తెల్లగా ఉంది.

“తుప్పు పట్టిపోతోందని నేనే ఎత్తుకెళ్ళాను నాన్నా. ఈయన సాయంత్రాలన్నీ దీని మీదే కూర్చున్నాడు,” అంది రోవెనా.

“కర్రకు నూనె మాత్రం పట్టించలేదు,” అన్నాడు డెస్మండ్. “అది మీ చేత్తోనే పడాలని ఆపాను.”

ఈనక్ చిత్రికను తిప్పి చూశాడు. ముందు భాగంలో పాత యజమానుల పేర్లు మూడూ అలాగే ఉన్నాయి. పనిముట్టు చేతులు మారినప్పుడల్లా కొన్నవాడు తన పేరును ఉక్కు అక్షరాల అచ్చులతో, సుత్తి దెబ్బలతో కర్రలోకి దిగగొట్టుకుంటాడు. ముందువాడి పేరును ఎవడూ ముట్టడు. వాళ్ళుండే లోయలో వడ్రంగం తెలిసినవాళ్ళ పద్ధతి అది. ఈనక్ పక్క చెక్క మీద బొటనవేలు పెట్టాడు. నున్నగా జారింది.

“ఇక్కడున్నదేదీ?”

“ఆ వంకర గీతలా?” డెస్మండ్ నవ్వాడు. “మురికి పట్టి చదవడానికేమీ రాలేదు. ఎవరో పిల్లలు సుత్తితో ఆడుకున్నట్టున్నారు. ముందున్న పేర్ల జోలికి మాత్రం పోలేదు. ఆమాత్రం తెలుసు నాకు.”

“నీకు తెలిసింది బస్సు నడపడం. అదీ మలుపుల్లో అనుమానమే.”

“నాన్నా! పుట్టినరోజు పూట ఏంటా మాటలు?”

“అది మీ అమ్మ పేరు.”

ఆ చిత్రిక డిక్కీ సంతలో దొరికింది. ఆదివారం పూట బీడు పొలంలో కార్లు వరసగా ఆపి, డిక్కీలు తెరిచి పాత సామాను అమ్ముతారు. ఒకసారి అక్కడ పెయింటు డబ్బాల కింద నుంచి మేవిస్ దాన్ని బయటికి లాగింది. ఈనక్ తుప్పు వదిలించాడు, ఉక్కుకు సాన పట్టాడు. తన పేరు కొట్టుకోబోతే ఆమె అచ్చులు లాక్కుంది. “దొరికింది నాకు. ముందంతా మగాళ్ళే సర్దుక్కూర్చున్నారు, నేను పక్కన కూర్చుంటాలే” అంది. ఆమె కొడితే అక్షరాలు మెట్లెక్కినట్టు పోయాయి. ఒకటి తలకిందులైంది. అప్పటికే రోవెనా పెళ్ళయి వెళ్ళిపోయింది. ఆమెకు ఇదంతా తెలియదు.

“తుప్పు పట్టనిచ్చింది నువ్వే కదా!” రోవెనా గొంతు పెరిగింది. “అంత విలువైనదైతే చెమ్మలో పడేస్తావా? ఒక్కసారి నాకు చూపించావా? అమ్మ గురించి ఒక్క ముక్క అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తావు. నాకు మాత్రం అమ్మ కాదా?”

“చూపిస్తే మీ ఆయన ఇంకా ముందే గీకేవాడు.”

రోవెనా మొహం తిప్పుకుంది. డెస్మండ్ చిత్రికను వెలుతురు వైపు తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

“ఇస్త్రీ పెట్టె ఉందా?”

“దేనికి? చొక్కా నలిగిందా?”

“కర్ర సొట్టపడితే తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టమని నేర్పింది మీరే. నొక్కుకుపోయిన పీచు ఉబ్బి పైకొస్తుందన్నారు. అక్షరాల కిందా పీచు నొక్కుకునే ఉంటుంది కదా. గుర్తు కనబడకుండా పోయేదాకే గీకాను, అంతకంటే లోతుకు పోలేదు.”

ఈనక్ లేచి వెళ్ళి ఇస్త్రీ పెట్టె ఆయనే తెచ్చాడు.

తడిగుడ్డ మీద పెట్టె ఆనగానే ఆవిరి బుస్సుమంది. గుడ్డ తీస్తే ఏమీ లేదు. మళ్ళీ తడిపారు. ఈసారి ఒక గీత లేచింది, దాని పక్కన ఇంకొకటి. చుట్టూ కర్ర గీకుడికి దిగిపోయింది కాబట్టి, ఒకప్పుడు గుంటలుగా ఉన్న అక్షరాలు ఇప్పుడు గట్లలా పైకి ఉబికాయి. మెట్లెక్కినట్టే వరసగా, మేవిస్.

“ఈ అక్షరమేంటి, తలకిందులుగా ఉంది?” రోవెనా నవ్వబోయి ఏడ్చింది.

“మీ అమ్మకు అచ్చు పట్టుకోవడం రాదు. చెప్తే వినదు.” ఈనక్ కళ్ళు మూసుకుని వేలితో ఆ పేరును తడుముతూ ఉండిపోయాడు. కూతురు పక్కన కూర్చుని భుజం మీద తల ఆనిస్తే పక్కకు జరగలేదు.

“అది బాగా ఆరాలి. అప్పుడు నూనె నువ్వే పట్టించు,” అన్నాడు డెస్మండ్‌తో, అటు చూడకుండానే. “గరుకు కాగితం పెట్టి రుద్దావో, చెయ్యి విరుస్తా.”

“అయితే కోపం పోయినట్టేనా నాన్నా?”

“పోలేదు. గీకినవాణ్ణి గీకలేదంటానా?” ఈనక్ కళ్ళు తుడుచుకున్నాడు. “మీ అమ్మ గురించి అడుగు, చెప్తాను. గీకిన సంగతి మాత్రం ఇంక నా నోట రాదు. మీరూ ఎత్తొద్దు.”