ఏడో పలక

గిద్దలూరు స్టేషన్‌లో రైలు ఆగింది రెండే నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఏసీ బోగీలో కిటికీ పక్క సీటు మనిషి ప్రాణం పోయింది. మెడ మీద చీమ కుట్టినంత మచ్చ తప్ప ఒంటి మీద ఇంకే గాయమూ లేదు. చేతిలోని టీ కూడా ఒలకలేదు.

పోయినవాడు రమణ అనే శాస్త్రవేత్త. ఉత్తరాది కొండల్లో నాలుగేళ్లు సాగిన ఖనిజ సర్వేలో పెద్ద తలకాయ. ఏ కొండ కింద ఎంత లోతున బొగ్గుంది, రాగి ఎక్కడ, లిథియం ఎక్కడ అన్న లెక్కంతా వేలిగోరంత చిప్‌లోకి ఎక్కించుకుని అమ్ముకోవడానికి బయల్దేరాడు. కొన్నవాళ్లు చిప్ తీసుకున్నారు, మనిషిని వదిలించుకున్నారు.

మర్నాడు పొద్దున హైదరాబాద్‌లో చీఫ్ ఆంజనేయులు బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు.

"కొన్నది విక్టర్. విదేశీ సిండికేట్ మనిషి. ఆ మ్యాప్ దేశం దాటితే బినామీ కంపెనీలతో ఆ కొండలన్నీ లాగేస్తారు. చిప్ వాడి చేతిలో ఉండగా పట్టుకోవాలి. లేకపోతే కేసు నిలవదు."

"ఇప్పుడు చిప్ ఎక్కడుంది సార్?" అన్నాడు ఏజెంట్ నవాజ్.

"మార్కాపురంలో. మన రోజీ దగ్గర. సరుకు దాటించే ఏర్పాటు చేయమని విక్టరే ఆమెకిచ్చాడు."

సిండికేట్ వాళ్లకు రోజీ అంటే నల్లకళ్లద్దాలు పెట్టుకుని, నాలుగు భాషలు మాట్లాడుతూ, ఏ సరుకునైనా ఓడ ఎక్కించే అందగత్తె. అసలు పేరు గుల్నాజ్. అయిదేళ్ల కింద చెన్నైలో షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న పిల్లను ఈ రొంపిలోకి దింపింది నవాజే. ఈ పని అయ్యాక ఆమెను ఇంటికి పంపిస్తానని మాటిచ్చిందీ తనే. పోయిన ఏడాది కూడా ఇదే మాట ఇచ్చాడు, నిలబెట్టుకోలేకపోయాడు. ఈసారి దేశం సంగతి ఎట్లున్నా సరే, గుల్నాజ్‌ను ప్రాణాలతో ఇంటికి చేర్చాలనుకున్నాడు.

రమణ చావు తర్వాత ప్రతి ఎయిర్‌పోర్టులోనూ సంచులు దులుపుతున్నారు. అందుకే విక్టర్ పలకల కొనుగోలుదారుడి వేషం కట్టాడు. పిల్లలు రాసుకునే పలకలు పది, శాంపిల్ పెట్టెలో పెట్టి తీసుకుపోతే ఎవడు అనుమానిస్తాడు? ఆ పెట్టె తయారయ్యే చోటు, గుల్నాజ్ తల్లి రజియా బేగం ముప్పై ఏళ్లుగా పలకలు ఏరుతున్న ఫ్యాక్టరీ. ఆమె సొంత ఊరైతే ఊళ్లో ఎవరికీ అనుమానం రాదని ఆ చోటు చీఫే ఎంచాడు. నవాజ్ వద్దంటే వినలేదు.

మార్కాపురం శివార్లలో ఇళ్లకన్నా ఎత్తున వ్యర్థపు రాళ్ల గుట్టలు. తవ్వి వదిలేసిన గోతుల్లో పచ్చటి నీళ్లు. నవాజ్ వాటిని చూస్తూ ఉత్తరాది కొండలను తలుచుకున్నాడు. దొంగలు తవ్వినా మనవాళ్లు తవ్వినా చివరికి మిగిలేది ఇదేగదా అనిపించి మనసు పాడైపోయింది.

ఫ్యాక్టరీలో ఊపిరితిత్తుల పరీక్షల క్యాంపు పెట్టాడు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. ఆ స్టెతస్కోపులో రిసీవర్ ఉంది. గుల్నాజ్ కళ్లద్దాల కాడలో మైకు ఉంది.

మూడింటికి గుల్నాజ్ వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"దగ్గు ఎన్నాళ్లనుంచి?"

"మొన్న వాన పడినప్పటినుంచి." చిప్ భద్రంగా ఉందని దానర్థం. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "పెట్టెలో ఏడో పలక భాయ్. ఫ్రేము మూల విప్పి, చిప్ పెట్టి, మళ్లీ అంటించినా. నాలుగింటికి విక్టర్ వస్తాడు. ఫ్రేము ఊడదీసి చూసుకుని పోతాడు."

"గేటు దాటగానే మా టీమ్ పట్టేస్తుంది. నువ్వు పెట్టె ఇచ్చి వెంటనే లోపలికి వచ్చెయ్."

"ఆపైన నేను గుల్నాజ్‌నేగదా? మళ్లీ రోజీ గీజీ అంటే ఊరుకోను."

"గుల్నాజ్‌వే."

"ఏంది, కండ్లు తుడుచుకుంటావు? నువ్వేం ఏజెంటువి భాయ్!" అని నవ్వింది. "రేపటినుంచి అమ్మీ పక్కనే కూర్చుని పొద్దస్తమానం తగాదా పడతా. అయిదేండ్ల తగాదాలు బాకీ."

నవ్వుతూనే లేచి వెళ్లింది. నవాజ్ కూడా చాలారోజుల తర్వాత నవ్వాడు.

నాలుగుకు పది నిమిషాలుండగా ఫోను మోగింది. పొదిలి దగ్గర లారీ బోల్తా పడింది. టీమ్ వాహనాలు ఇరుక్కుపోయాయి. కనీసం అరగంట ఆలస్యం.

"వాణ్ని ఎట్లాగైనా ఆపు," అన్నాడు చీఫ్.

ఎట్లా ఆపాలా అని నవాజ్ బుర్ర చించుకుంటుండగానే రజియా బేగం వచ్చి స్టూలు మీద చతికిలబడింది.

"చూడు బేటా. ఎట్లాగూ బాగలేదనే చెప్తావు. మా ఆయన ఖుద్దూస్ ఈ దుమ్ముతోనే పోయినాడు. నాకు మాత్రం తప్పుతాదా?"

స్టెతస్కోపు ఆనిస్తే ఆమె ఛాతీ లోపల గరగర వినిపించింది. నవాజ్ ఏదో అనబోయాడు. ఆమె ఆపలేదు.

"మా పాప లేదూ, గుల్నాజ్. చదువు ఉంది గానీ పలక సంగతి ఏం తెలుసు? విదేశీ దొర కోసమని పెట్టె సర్ది, నా బల్ల మీద పెట్టి, ఫోను మాట్లాడేదానికి పోయింది. మూత వేసే ముందు నేను ఊరకుంటానా? పదీ వేలితో కొట్టి చూసినా. తొమ్మిది కంచు మాదిరి మోగినాయి. ఏడోది మాత్రం పగిలిన కుండ మాదిరి పలికింది. ఫ్రేము మూల వదులు! దొర చూస్తే పాప పేరు పోదూ? తీసి వెనక గుట్టలో పారేసి, మంచిది పెట్టినా."

నవాజ్ దిగ్గున లేచాడు. "ఆమెకు చెప్పావా ఖాలా?"

"చెప్తే ఇంకేమన్నా ఉందా? నా పనికి వంకలు పెడతావా అని మీదికొస్తాది."

నవాజ్ పరుగెత్తాడు. షెడ్డు వెనక గుట్ట మొదట్లోనే పడి ఉంది ఆ పలక. మూల విరిస్తే లోపల చిప్ కనిపించింది. వెంటనే చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"చిప్ నా దగ్గరుంది సార్. విక్టర్‌కు వెళ్లేది ఖాళీ పలక. వాడు చూశాడంటే గుల్నాజ్‌ను..."

"చిప్ దొరికిందా! శభాష్. అక్కడే ఉండు. కదలొద్దు. మ్యాప్ మనదైంది."

"గుల్నాజ్ సంగతి సార్?"

"ఆ అమ్మాయి అన్నీ తెలిసే దిగింది. ఇది ఆర్డర్."

స్టెతస్కోపులో కారు తలుపు చప్పుడు వినిపించింది. "పెట్టె తియ్యి," అంటున్నాడు విక్టర్.

నవాజ్ నిలబడిపోయాడు. పదిహేనేళ్లుగా ఆర్డర్ అంటే ఆగిపోవడం అలవాటైన కాళ్లు అవి. రెండుసార్లు ఊపిరి తీసి వదిలేంతసేపు, అంతే. ఆ తర్వాత ఫోను పారేసి, పలక పైకెత్తి పట్టుకుని గేటు వైపు దూకాడు. మ్యాప్ పోతే పోనీ అనుకున్నాడు.

"సార్! మీ శాంపిల్ పలక ఇక్కడ ఉండిపోయింది!"

గుల్నాజ్ వెనక్కి తిరిగింది. విక్టర్ చేతిలో ఊడదీసిన ఫ్రేము ఉంది. సైలెన్సర్ పిస్టల్ చప్పుడు చిన్నగా వచ్చింది. ఫ్యాక్టరీ యంత్రాల రొదలో ఎవరూ వినలేదు. గుల్నాజ్ కుప్పకూలింది.

విక్టర్ రెండో గుండు నవాజ్ చెవి పక్కనుంచి పోయింది. నవాజ్ కాల్చిన గుండు వాడి మోకాలిలో దిగింది. కారెక్కబోతున్న వాణ్ని కాలర్ పట్టి లాగి, చేతులు విరిచి సంకెళ్లు వేశాడు. ఇంకో అర నిమిషమైతే విక్టర్ రోడ్డెక్కేవాడు. మిషన్ గెలిచింది.

నవాజ్ నేల మీద కూలబడి గుల్నాజ్ తలను ఒళ్లోకి తీసుకున్నాడు. కళ్లద్దాలు దూరంగా పడి ఉన్నాయి. అవి లేకపోతే ఆమె ముఖం అచ్చం తల్లి ముఖమే.

"ఫ్రేము చూడంగానే తెలిసిపోయింది భాయ్," అంది. "అమ్మీ మార్చింది. నా పేరు పోతాదని మార్చుంటాది."

"మాట్లాడకు. అంబులెన్స్ వస్తోంది."

"అమ్మీకి చెప్పొద్దు. ఎప్పుడూ చెప్పొద్దు."

"నేను ఆలస్యం చేశాను గుల్నాజ్. నిలబడిపోయాను. నన్ను..."

ఆ మాట ఆమెకు వినపడలేదు. షెడ్డులోంచి రజియా బేగం ఎవరో పిలిస్తే బయటికి వస్తోంది, దగ్గుకుంటూ. నవాజ్ తెల్లకోటు విప్పి గుల్నాజ్ మీద కప్పాడు. చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

టీమ్ అరగంట తర్వాత వచ్చింది. ఢిల్లీకి వెళ్లిన రిపోర్టులో మ్యాప్ స్వాధీనం, ప్రధాన నిందితుడి అరెస్టు, ఏజెంట్ సమయస్ఫూర్తి అని ఉంది. నష్టం అన్న గడిలో స్వల్పం అని రాశారు. నెల తిరక్కుండానే ఆ ఉత్తరాది కొండల్లో బొగ్గు తవ్వకాలకు పేపర్లో ప్రకటన వచ్చింది. ఈసారి అంతా చట్టప్రకారమే. ఊళ్లు ఖాళీ చేయాలన్న నోటీసులు కూడా చట్టప్రకారమే వెళ్లాయి.

గుల్నాజ్ పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు నవాజ్ మార్కాపురం వచ్చాడు. ఈసారి వేషమేమీ లేదు. రజియా బేగం చాప వేసి కూర్చోబెట్టింది. మనిషి సగమైపోయింది.

"నువ్వు డాక్టరు కాదంట గదా. నీ అసలు పేరేంది బేటా?"

"నవాజ్."

"ఒకటి అడుగుతా నవాజ్. అల్లా మీద ఆన, నిజం చెప్పు. ఆ పాపిష్టోడు పలక విరగ్గొట్టి చూసి, ఆ తర్వాత కాల్చినాడని గేటుకాడోళ్లు అంటున్నారు. నేను మార్చిన పలక..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. "దానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా? నా చెయ్యి ఏమన్నా తప్పు చేసిందా?"

ఆమె తన కుడిచేతి వైపు చూసుకుంటోంది. ముప్పై ఏళ్లు పలకలు కొట్టి కొట్టి కణుపులు కాయలు కాసిన చెయ్యి అది.

నవాజ్ ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఏమీ లేదు ఖాలా. వాడు ముందే అనుకుని వచ్చాడు. పలక ఏదైనా కాల్చేవాడే."

రజియా బేగం అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. మెల్లగా తల ఊపి, చెయ్యి వెనక్కి తీసుకుని, అతనికి అన్నం పెట్టడానికి లేచింది.

పదిహేనేళ్ల సర్వీసులో నవాజ్ లెక్కలేనన్ని పేర్లతో అబద్ధాలు చెప్పాడు. సొంత పేరుతో చెప్పింది ఇదొక్కటే.